బంగినపల్లితో మ్యాంగో పై

ఫ్రూట్ పై అంటే రెండు పల్చని పిండి పొరల మధ్య పండు ముక్కలు నింపి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చే తీపి వంటకం. పైపొర కరకరలాడుతూ రేకులు రేకులుగా విడిపోవాలి. లోపలి పండు తన రసంలో తానే ఉడికి, కోసినప్పుడు జారిపోకుండా నిలబడాలి. వినడానికి తేలికగా ఉన్నా ఈ రెండూ ఒకదానికొకటి పొసగనివి. పండులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. ఆ నీరు తగిలితే పిండి మెత్తబడి ముద్దవుతుంది. పై చేయడంలో ఉన్న మెలకువంతా పిండిని పొడిగా, పండును రసంగా ఉంచుతూ రెంటినీ ఒకే వేడిలో ఒకే సమయానికి పండించడంలోనే ఉంది.

పాశ్చాత్య దేశాల్లో వేసవి పై అనగానే గుర్తొచ్చేది పీచ్ పండు. మామిడిలో పళ్ల సందున ఇరుక్కునే పీచుకూ ఈ పేరుకూ సంబంధం లేదు. అక్కడిది వేరే పండు, హిందీలో ఆడూ అంటారు. ఆపిల్, బాదం, చెర్రీ కుటుంబానికి చెందిన ఈ చెట్టు పుట్టిల్లు చైనా. అక్కడ వేల ఏళ్ల కిందటే దాన్ని తోటల్లో పెంచారు. అక్కడి నుంచి పర్షియా మీదుగా ఐరోపా చేరడంతో రోమన్లు దాన్ని పర్షియా ఆపిల్ అన్నారు, శాస్త్రనామంలోనూ ఆ పర్షియా మిగిలిపోయింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు అమెరికాకు తీసుకెళ్లారు. ఇప్పుడు అట్లాంటా నగరం ఉన్న జార్జియా రాష్ట్రానికి పీచ్ రాష్ట్రమని ముద్దుపేరు. 1995లో దాన్ని రాష్ట్ర ఫలంగా ప్రకటించుకున్నారు కూడా. పంట మాత్రం కాలిఫోర్నియాలోనే ఎక్కువ. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి కాబట్టి, ఆ ఇళ్ల పిల్లలకు పీచ్ పై కొత్త కాదు.

బషీరాబాద్ సంగతి వేరు. వికారాబాద్ జిల్లాలో తాండూరు దాటాక, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ మండలంలో పీచ్ చెట్టు నాటినా కాయదు. కారణం మట్టి కాదు, చలి. శీతాకాలంలో సుమారు 7 డిగ్రీల లోపు చలిలో కొన్ని వందల గంటలు నిద్రపోతే తప్ప పీచ్ మొగ్గ సరిగా విచ్చదు. రకాన్ని బట్టి ఆ లెక్క 150 గంటల నుంచి 1,000 గంటల దాకా ఉంటుంది. అందుకే మన దేశంలో పీచ్ తోటలు హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల మీద కనిపిస్తాయి. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలను పంజాబ్ మైదానాల్లోనూ వేస్తున్నారు. ఆ పండ్లు లారీలెక్కి హైదరాబాద్ చేరేసరికి గట్టిగా, వాసన లేకుండా ఉంటాయి. పీచ్ చాలా సున్నితమైన పండు కాబట్టి దూరప్రయాణం కోసం పచ్చిగానే కోస్తారు, ఆ తర్వాత మెత్తబడుతుందే కానీ తీపి పెరగదు. ధర పెట్టి అలాంటివి కొని పై చేయడం కంటే, అదే నెలల్లో చెట్టున పండి వచ్చే మామిడిని వాడటం అన్ని విధాలా మేలు.

పీచ్ బదులు మామిడి అనడంలో సర్దుబాటు లేదు. రెండు పండ్ల కుటుంబాలు వేరు, మామిడి జీడిమామిడికి చుట్టం. అయినా రెండూ టెంక పండ్లే. రెంటికీ తీపి, పులుపు కలిసిన పసుపు కండ ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది వాసన. పీచ్‌కు ఆ గుబాళింపు ఇచ్చేవి లాక్టోన్లు అనే పదార్థాలు. మామిడి వాసనలోనూ అవి ఉన్నాయి. తొడిమ దగ్గర ముక్కుకు తగిలే జిగురు ఘాటు మాత్రం టెర్పీన్లు అనే మరో రకానిది. ఓవెన్ వేడికి ఆ ఘాటులో చాలా భాగం ఎగిరిపోతుంది. అందువల్ల కాల్చిన మామిడి తిన్నప్పుడు పచ్చి పండు కంటే పీచ్‌కే దగ్గరగా అనిపిస్తుంది.

అయితే ఏ మామిడి అన్నది తేల్చుకోవాలి. ఏప్రిల్ రాగానే తాండూరు బజారులో బండ్ల మీదికెక్కే బంగినపల్లి ఈ పనికి పుట్టినట్టుంటుంది. హైదరాబాద్ వ్యాపారులు బేనీషాన్ అని పిలిచేదీ ఇదే. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరు మోసే ఈ రకానికి 2017లో ఆంధ్రప్రదేశ్ పేరున భౌగోళిక గుర్తింపు దక్కింది. కండ గట్టిది, పీచు దాదాపు ఉండదు, చాకుతో కోస్తే ముక్క అంచు చెదరదు, గంటసేపు వేడిలోనూ ఆకారం నిలుపుకుంటుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు రుచిలో ఎంత గొప్పవైనా పైకి పనికిరావు. అవి పిండుకుని జుర్రుకోవడానికి పుట్టినవి, పిండి పొరలో పెడితే రసమంతా కారిపోయి పీచు మిగులుతుంది. హిమాయత్ మరీ సుకుమారం, వేడి చేస్తే దాని మర్యాద పోతుంది. కోసి అలాగే తినాల్సిన పండు అది. తోతాపురి ఒక్కటే చేస్తే చప్పగా ఉంటుంది కానీ, బంగినపల్లికి పావు వంతు కలిపితే పులుపు, గట్టిదనం రెండూ అందుతాయి.

పండు దోరదనం దాటి ఉండాలి, పూర్తిగా మెత్తబడి ఉండకూడదు. తొడిమ పక్కన బొటనవేలితో నొక్కితే కొంచెం లోనికి పోవాలి, మిగతా చోట గట్టిగా తగలాలి. వాసన తొడిమ దగ్గరే వస్తే సరిపోతుంది. పైకి పసుపు నిగనిగలాడుతూ, కోస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉంటే ఆ కాయ కార్బైడ్‌తో మగ్గబెట్టింది అయి ఉండవచ్చు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడాన్ని చట్టం నిషేధించింది. నిర్ణీత మోతాదులో ఇథిలీన్ వాయువు వాడటానికి మాత్రం అనుమతి ఉంది. అన్నిటికంటే మంచిది పచ్చి కాయలు తెచ్చి గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో వేసి ఇంట్లో మగ్గబెట్టుకోవడం. రోజూ చేత్తో తడిమి చూసుకుంటే పైకి కావలసిన అదను ఏ రోజో తెలిసిపోతుంది.

ఈ వంటకం పేరు కొత్తదే కానీ పోలిక కొత్తది కాదు. తెలంగాణ ఇళ్లలో పండగకు చేసే గరిజెలు, ఆంధ్రలో కజ్జికాయలు, చేతిలో పట్టుకునే చిన్న పైలే. పిండి పొరలో కొబ్బరో నువ్వులో బెల్లంతో కలిపి కూరి, అంచు మడిచి మూసేస్తారు. తేడా ఒక్కటే, అవి నూనెలో వేగుతాయి, ఇది వేడి గాలిలో కాలుతుంది. బక్షాల్లో పూర్ణం పిండి కడుపులో దాగి పెనం మీద కాలుతుంది. బషీరాబాద్‌కు అవతల కన్నడ పల్లెల్లో దాన్నే హోళిగె అంటారు. మామిడికాలంలో శీకరణె అనే తీపి మామిడి రసం నంజుకుని తింటారు. అంటే పిండి రొట్టె, మామిడి రసం ఒకే విస్తరిలో పక్కపక్కన చేరడం ఈ సరిహద్దుకు ఎప్పటి నుంచో తెలుసు. ఇక హైదరాబాద్ బేకరీల్లో దొరికే దిల్‌ఖుష్ అయితే అచ్చంగా ఫ్రూట్ పైకి మేనకోడలు వరసే. గుండ్రని మైదా పొరల మధ్య తీపి కొబ్బరి, రంగురంగుల టూటీఫ్రూటీ పెట్టి కాల్చి, ముక్కోణపు ముక్కలుగా కోసి అమ్ముతారు. ఆ టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయిని పంచదార పాకంలో ఊరబెట్టి చేసింది, కాబట్టి పండు కూడా అందులో ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు పిండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, ఎండాకాలంలో మరీ ఎక్కువ.

తూకంలో మూడు పాళ్లు మైదా, రెండు పాళ్లు వెన్న, ఒక పాలు చల్లని నీళ్లు. పై పిండికి బాగా పేరున్న మూల లెక్క ఇది. 23 సెంటీమీటర్ల వెడల్పు పళ్లేనికి, కింద పొర, పైపొర కలిపి 300 గ్రాముల మైదా, 200 గ్రాముల వెన్న, 90 నుంచి 100 మిల్లీలీటర్ల ఐస్ నీళ్లు, ఒక పెద్ద చెంచా పంచదార సరిపోతాయి. బజారులో దొరికే పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి వేరే ఉప్పు అక్కర్లేదు. ఇంట్లో చిలికిన వెన్న వాడితే చిటికెడు వేయాలి. ఇంటి వెన్నలో నీరు ఎక్కువ, కాబట్టి దాన్ని గట్టిగా పిండి, ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించాకే తూచాలి, కలిపే నీళ్లూ తగ్గించాలి.

పిండిలో రేకులు ఎలా వస్తాయో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. గట్టి వెన్నను బఠానీ గింజంత ముక్కలు చేసి మైదాలో వేస్తారు. వేళ్ల కొసలతో నలిపి ఒక్కొక్కటీ పల్చని బిళ్లలా చేస్తారు. పిండిని ఒత్తినప్పుడు ఈ బిళ్లలు మైదా పొరల మధ్య పరుచుకుంటాయి. ఓవెన్‌లో పెట్టగానే వెన్న కరుగుతుంది. అందులో ఉండే 16 శాతం దాకా నీరు ఒక్కసారిగా ఆవిరై పైపొరను ఎత్తుతుంది. ఆ ఖాళీలే రేకులు. వెన్న ముందే కరిగి పిండిలో ఇంకిపోతే ఎత్తడానికి ఏమీ మిగలదు, పొర నూనె కారుతూ చెక్కలా గట్టిపడుతుంది.

నెయ్యితో ఈ రేకులు రావు, ఎందుకంటే నెయ్యిలో నీరు లేదు. వేడి నెయ్యి పోసి కలిపిన పిండిలో కొవ్వు ప్రతి రేణువునూ కప్పేస్తుంది, నీళ్లు తగిలినా సాగే గుణం రాదు, కాబట్టి గుల్లగా పొడిపొడిగా విరుగుతుంది. గరిజెల పిండి రహస్యం అదే. రెండూ మంచి పద్ధతులే, పనులు వేరు.

వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో తాండూరు, బషీరాబాద్ వైపు పగటి ఎండ 40 దాటడం మామూలే. అంటే వంటింట్లో గాలే వెన్నను కరిగించేస్తుంది. అందుకని ఈ పిండి తెల్లవారుజామున, పొయ్యి వెలిగించక ముందే కలిపితే మంచిది. మైదా, గిన్నె, చపాతీ కర్ర అన్నిటినీ ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి. అరచేతి వేడి తగలకుండా వేళ్ల కొసలతోనే పని జరగాలి. నీళ్లు చెంచా చెంచాగా చల్లి, గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలిచే దాకా మాత్రమే కలపాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు. నీళ్లు, మర్దన రెండూ కలిస్తే గోధుమలోని గ్లూటెన్ తీగలా సాగుతుంది. చపాతీకి ఆ సాగుడు వరం, పైకి శాపం. జొన్న రొట్టె తట్టే చేతులకు ఈ తేడా చెప్పకుండానే తెలుస్తుంది. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు కాబట్టే కర్రతో ఒత్తడం కుదరక అరచేత్తో తడతారు. మైదాలో ఐదో వంతు తీసేసి జొన్నపిండి కలిపితే పై పొర మరింత గుల్లగా, కాస్త కమ్మగా వస్తుంది. ఒత్తేటప్పుడు అంచులు చిట్లుతాయి, వేలితో అతికిస్తే చాలు.

కలిపిన పిండిని రెండు బిళ్లలుగా చేసి, ఒకటి కొంచెం పెద్దదిగా ఉంచి, కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. వెన్న మళ్లీ గట్టిపడుతుంది, సాగిన గ్లూటెన్ సడలుతుంది. సడలని పిండిని ఒత్తితే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. పళ్లెంలో పరిచాక కాలేటప్పుడు అంచు కిందికి జారిపోయేదీ ఇందువల్లే.

ఒత్తడానికి ఈ ప్రాంతానికి ఒక సొంత సౌకర్యం ఉంది. విదేశీ బేకరీల్లో పై పిండిని పాలరాతి బల్ల మీద ఒత్తుతారు, కారణం రాయి చల్లగా ఉండటం. తాండూరు ఇళ్లలో ఆ పాలరాయి పని నునుపు పట్టించిన తాండూరు బండ చేస్తుంది. భీమా నది పరీవాహకంలోని సున్నపురాయి పొరల నుంచి తీసే ఈ నీలి, పసుపు బండలు దేశమంతటా ఇళ్ల నేలకు వెళ్లాయి. ఆ సున్నపురాయి వల్లే తాండూరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. చెక్క పీట వేడిని పట్టి ఉంచుతుంది, రాయి పిండిలోని వేడిని లాగేస్తుంది. ఒత్తే ముందు పది నిమిషాలు బండ మీద ఐస్ ముక్కలున్న పళ్లెం పెట్టి, తీసి, తుడిస్తే అంతకంటే మంచి పీట దొరకదు. మామిడిని, నిమ్మకాయను మాత్రం ఆ బండ మీద కోయకూడదు. సున్నపురాయికి పులుపు తగిలితే నునుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది, అది ఎంత తోమినా వదలదు. ఓవెన్‌లో పీటలా వాడదామని బండ ముక్కను వేడి చేయడమూ ప్రమాదమే. లోపల తేమ ఉంటే రాయి పగులుతుంది.

నడిమి నుంచి అంచులకు ఒత్తుతూ, ప్రతి రెండు మూడు ఒత్తులకూ పిండిని కొంచెం తిప్పుతూ, 3 మిల్లీమీటర్ల మందానికి తేవాలి. పళ్లెం కంటే ఆరేడు సెంటీమీటర్లు వెడల్పుగా ఉంటే గోడల మీదికి ఎక్కుతుంది. కర్రకు చుట్టి ఎత్తి పళ్లెం మీద విప్పాలి, సాగదీసి సరిపెట్టకూడదు. పరిచిన పళ్లేన్ని నింపే దాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. గాజు పళ్లెం అందంగా ఉంటుంది, అడుగు రంగు బయటికి కనబడుతుంది. కానీ ఫ్రిజ్ నుంచి తీసిన గాజును వేడి ఓవెన్‌లో పెడితే పగిలిపోవచ్చు. ముదురు రంగు లోహపు పళ్లెం త్వరగా వేడెక్కి అడుగును బాగా కాలుస్తుంది, కాబట్టి అదే శ్రేయస్కరం.

పండు పని ఇంతకంటే సులువు. పీచ్ అయితే మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి చల్లనీళ్లలో వేస్తే తోలు ఊడివస్తుంది. మామిడికి చాకు చాలు. మూడు నాలుగు బంగినపల్లి పండ్లు, కిలో పావు బరువు తూగేవి, చెక్కి కోస్తే టెంక, తోలు పోగా 750 గ్రాముల పైచిలుకు ముక్కలు వస్తాయి. ముక్కలు రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. 80 నుంచి 100 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలిపి అరగంట పక్కన పెట్టాలి. పంచదార పండులోని నీటిని బయటికి లాగుతుంది. గిన్నె అడుగున చేరిన ఆ రసాన్ని వంచి, వేరే గిన్నెలో సగానికి మరిగించి చల్లార్చి మళ్లీ ముక్కల్లో కలపాలి. పీచ్ పై చేయడంలో ఆరితేరిన వాళ్ల పద్ధతి ఇది. రుచి పెద్దగా పోకుండా నీరు పోతుంది.

నిమ్మకాయ బదులు గుప్పెడు పచ్చి మామిడి తురుము వేస్తే ఇంకా బాగుంటుంది. పులుపుతో పాటు పచ్చి కాయలో పెక్టిన్ కూడా ఎక్కువ. జామ్ గడ్డకట్టేది ఈ పెక్టిన్ వల్లే. పండే కొద్దీ అది కరిగి పట్టు కోల్పోతుంది. వాసనకు రెండు యాలకుల పొడి, పావు చెంచా శొంఠి పొడి చాలు. దాల్చిన చెక్క ఆపిల్‌కు తగిన జోడీ, మామిడిని మింగేస్తుంది.

మిగిలిన రసం చిక్కబడటానికి సుమారు 30 గ్రాముల కార్న్‌ఫ్లోర్, అంటే మూడు నాలుగు పెద్ద చెంచాలు కలుపుతారు. పిండిపదార్థపు రేణువులు 65 డిగ్రీల చుట్టుపక్కల నీరు పీల్చి ఉబ్బడం మొదలుపెడతాయి. పూర్తి చిక్కదనం రావాలంటే లోపలి రసం కుతకుతలాడాల్సిందే. పైపొర ఎర్రబడిందని తొందరపడి తీస్తే లోపల పచ్చి పిండి రుచి, నీళ్ల రసం మిగులుతాయి. కార్న్‌ఫ్లోర్ కంటే మెరుగైనది ప్రతి తెలుగు వంటింట్లో పాయసం కోసం ఉండనే ఉంది, సగ్గుబియ్యం. కర్రపెండలం పిండితో పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో తయారయ్యేది ఇదే. మూడు పెద్ద చెంచాల సగ్గుబియ్యాన్ని మిక్సీలో మెత్తగా పొడి చేసి, పండు రసంలో పావుగంట నాననిచ్చి వాడితే పూర్ణం గాజులా మెరుస్తుంది, పిండి రుచి రాదు. అమెరికా ఇళ్లలో పీచ్ పైకి ఎప్పటి నుంచో వాడే టాపియోకా ఈ కర్రపెండలం పిండే.

నింపే ముందు అడుగు పొర మీద చెంచాడు బొంబాయి రవ్వో రస్కు పొడో చల్లాలి. మొదట కారే రసాన్ని అది పీల్చుకుంటుంది. పూర్ణం పూర్తిగా చల్లారి ఉండాలి, వేడిగా వేస్తే వెన్న అక్కడికక్కడే కరుగుతుంది. పైపొర కప్పి, రెండు అంచులూ కలిపి మడిచి, గరిజెల అంచు నొక్కినట్టే వేళ్లతో మెలిపెట్టాలి. ఆ అలవాటున్న చేతికి ఇది నేర్పనక్కర్లేదు. పైన చాకుతో నాలుగైదు గాట్లు పెట్టకపోతే ఆవిరి ఎక్కడ సందు దొరికితే అక్కడ చీల్చుకుని పోతుంది. పాలు పూసి పంచదార చల్లితే ముదురు రంగు వస్తుంది, గుడ్డు తినేవాళ్లు గిలక్కొట్టిన గుడ్డు పూస్తే ఇంకా నిగారిస్తుంది. కట్టిన పైని చివరిగా పావుగంట డీప్ ఫ్రిజ్‌లో పెట్టి నేరుగా ఓవెన్‌లోకి మార్చాలి. లోహపు పళ్లేనికి ఈ మార్పు వల్ల ఏమీ కాదు.

ఓవెన్‌ను 220 డిగ్రీలకు ముందే వేడిచేసి, లోపల ఒక స్టీలు ట్రేను కూడా కాలనివ్వాలి. ఆ ట్రే మీద, కింది అరలో పై పెడితే అడుగుకు వెంటనే వేడి అందుతుంది. 20 నిమిషాల తర్వాత 190కి తగ్గించి మరో 40 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. అంచులు ముందే ఎర్రబడితే అల్యూమినియం రేకు చుట్టాలి. గాట్లలోంచి రసం నెమ్మదిగా, చిక్కటి బుడగలతో పైకి వస్తుంటే అయినట్టు. ఇళ్లలో వాడే ఓటీజీలు ఎక్కువగా 1,500 నుంచి 2,000 వాట్లవి, కాబట్టి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాలి. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచడమే దారి. లోపలి వేడి కొంతసేపు పని చేస్తూనే ఉంటుంది.

ఓవెన్ లేని ఇంట్లో కుక్కర్‌లో ఉప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసేసి కేకులు చేసుకోవడం తెలిసిన సంగతే. పైకి ఆ పద్ధతి సగమే పనిచేస్తుంది. అడుగు బాగానే కాలుతుంది, పైనుంచి వేడి లేక మీది పొర పాలిపోయి, ఆవిరికి తడిసి ఉంటుంది. దమ్ బిర్యానీకి చేసినట్టు మందపాటి గంజుకు మూతపెట్టి, మూత మీద కూడా కణకణలాడే బొగ్గులు వేస్తే రెండు వైపులా వేడి అందుతుంది. ఓవెన్లు ఇళ్లకు రాక ముందు ఐరోపాలోనూ ఇనుప కుండ మూత మీద ఇలాగే నిప్పులు పోసేవారు. అంత శ్రమ వద్దనుకుంటే మామిడి పూర్ణాన్ని పొయ్యి మీద ముద్దయ్యే దాకా దగ్గరపరిచి, చల్లార్చి, నెయ్యి పిండితో గరిజెలు చేసి సన్నని సెగ మీద వేయించుకోవచ్చు. వెన్న పిండిని నూనెలో వేయకూడదు, విచ్చిపోతుంది.

అమెరికాలోని భారతీయ కుటుంబాల్లో మ్యాంగో పై పేరుతో మరొకటి బాగా ప్రచారంలో ఉంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకు దాన్ని చేస్తారు. అప్పటికి తాజా మామిడి ఉండదు కాబట్టి డబ్బాలో వచ్చే మామిడి గుజ్జులో క్రీమ్ చీజ్, జిలటిన్ కలిపి, బిస్కెట్టు పొడితో చేసిన పొరలో పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తారు. కాల్చాల్సింది అడుగు పొర ఒక్కటే. జిలటిన్ పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసేది, శాకాహారులు దాని బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్ వాడతారు. రుచిగా ఉంటుంది కానీ అది చల్లని మీగడ వంటకం, కాల్చిన పండు వంటకం కాదు. చేతిలో తాజా బంగినపల్లి ఉన్నప్పుడు డబ్బా గుజ్జు వైపు చూడాల్సిన పని లేదు.

ఓవెన్ నుంచి తీసిన పైని వెంటనే కోయడం అన్ని తప్పుల్లోకీ పెద్దది. లోపలి రసం వేడిగా ఉన్నంతసేపూ పల్చగానే ఉంటుంది, చల్లారే కొద్దీ బిగుసుకుంటుంది. అడుగున గాలి ఆడేలా జాలీ మీద పెట్టి కనీసం నాలుగు గంటలు వదిలేయాలి. వేసవి మధ్యాహ్నపు గదిలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. రంపపు పళ్ల చాకుతో ముందు పైపొరను మెల్లగా కోసి, తర్వాత అడుగు దాకా దించాలి. మొదటి ముక్క ఎప్పుడూ కొంచెం చెదురుతుంది, అది తీశాక మిగతావి చక్కగా వస్తాయి. ఎనిమిది ముక్కలవుతుంది.

ఈ ఎండలకు చల్లారిన పై రాత్రికి బయట ఉంచితే పులుస్తుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు ఆగుతుంది కానీ పొర మెత్తబడుతుంది. తినే ముందు 160 డిగ్రీల ఓవెన్‌లో పది పదిహేను నిమిషాలు పెడితే కరకర తిరిగి వస్తుంది. ఓవెన్ లేకపోతే మూతపెట్టిన మందపాటి పెనం మీద సన్నసెగన వేడిచేయాలి. మైక్రోవేవ్ పండును వేడి చేస్తుంది, పొరను మాత్రం తోలులా చేస్తుంది. కాల్చని పైని గట్టిగా చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెడితే రెండు నెలల వరకు ఉంటుంది. కరిగించకుండా అలాగే ఓవెన్‌లో పెట్టి, అసలు సమయానికి మరో పావుగంట కలిపి కాలిస్తే, బండ్ల మీద మామిడి కనిపించని జూలై చివర్లోనూ బంగినపల్లి పై తినవచ్చు.